కల్లంలో చల్లిన నీళ్లు

మొన్న మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చే ముందు టీవీ పెడితే, ఎక్కడో విదేశంలో పెద్ద పెద్ద నాయకులంతా ఒక బల్ల చుట్టూ చేరి ప్రపంచంలో పేదరికమన్నదే లేకుండా చేస్తామని మళ్లీ ఒకసారి చెబుతున్నారు. తెర మీద సరిగ్గా వాళ్ల కిందనే, పేద దేశాలకిచ్చే సాయాన్ని ఫలానా దేశాలు తగ్గించుకున్నాయని ఇంకో వార్త పాకుతోంది. నా వయసు వాళ్లకు ఈ తంతు కొత్తేమీ కాదు. అయినా మా మేనత్త గుర్తుకొచ్చి ఆ పూట నాకు కునుకు పట్టలేదు.

డిగ్రీ పూర్తయిన కొత్తల్లో నాకు దొరికిన మొదటి ఉద్యోగం అలాంటి సాయంతో నడిచిన ప్రాజెక్టులోనే. రెండు మూడు దేశాలూ మన ప్రభుత్వమూ కలిసి, మా మిరప పొలాల్లో కూలికి పోయే ఆడవాళ్ల చేతే కౌలుకు సాగు చేయించి, మందులు తక్కువ కొట్టించి, దళారి అవసరం లేకుండా కాయను నేరుగా విదేశాలకు పంపించాలని తలపెట్టాయి. వచ్చిన దొరలకూ దొరసానులకూ మా వాళ్ల మాటలు ఇంగ్లీషులో చెప్పడం, వాళ్ల మాటలు మా వాళ్లకు తెలుగులో చెప్పడం నా పని. సుస్థిరాభివృద్ధి అన్న మాటను ఎలా చెప్పాలో తెలియక తెగ అవస్థ పడి, మన తర్వాత కూడా నిలిచి ఉండే బాగు అని చెబితే, మా మేనత్త వెంటనే "మరి మనం బతికుండంగా ఏం లేదంటనా?" అని అడిగింది. నవ్వాపుకోలేక నేను దాన్ని ఇంగ్లీషులోకి మార్చనే లేదు.

ఆ ఆడవాళ్ల సంఘానికి పెద్ద మా మేనత్తే. మామయ్య చిన్న వయసులోనే పోతే, ఎండలో ఇంకొకరి కల్లాల్లో కూర్చుని రంగు పోయిన తాలు కాయలేరుతూ, చేతులు మండి అన్నం కూడా స్పూనుతో తినే రోజులు గడిపిన మనిషి. ఇక ఎవరి కల్లంలోనూ వంగకూడదు, మిగిలిన బతుకు తన కాయ తాను ఎండబెట్టుకోవాలి, ఆమెకున్న ఆశ అదొక్కటే. ప్రాజెక్టు వాళ్లు సిమెంటు కల్లం పోయించి, పక్కన రేకుల షెడ్డు వేయించిన రోజున, ఆ గచ్చు మీద చెప్పులతో నడవనియ్యకుండా మమ్మల్నందరినీ బయటే నిలబెట్టింది.

మా వైపు అప్పట్లో ఒక పద్ధతి ఉండేది. బాగా ఎండిన కాయను సంచుల్లో వేసి తొక్కితే పెళపెళా విరిగిపోతుంది, గింజ రాలిపోతుంది, ఘాటుకు ఊపిరాడదు. అందుకని తొక్కే ముందు కాస్త నీళ్లు చల్లి మెత్తబరుస్తారు. వాకిట్లో కళ్లాపి చల్లినంత మామూలుగా చల్లేవారు. తడి తగిలితే లోపల బూజు పడుతుందని, విదేశాల వాళ్లు అలాంటి కాయను తీసుకోరని శిక్షణలో పదే పదే చెప్పారు, నేను పదే పదే తెలుగు చేశాను, మా మేనత్త కూడా మిగతా వాళ్ల మీద అరిచి మరీ ఆ అలవాటు మాన్పించింది. అంత చేసిన మనిషి, మొదటి సరుకు సంచులకెత్తే రోజున దేశం కాని దేశం నుంచి చుట్టాలొస్తున్నారనీ, ఆ ఘాటుకు పాపం దగ్గి దగ్గి చస్తారనీ జాలిపడి, పొద్దున్నే మేమెవరం రాకముందే కాయంతటి మీదా నీళ్లు చల్లేసింది. వచ్చిన వాళ్లు ఒక్క దగ్గు కూడా దగ్గలేదు. కాయ ఎంత మెరుస్తోందో అని మురిసిపోతూ ఫొటోలు తీసుకుని, ఆమె పెట్టిన బొబ్బట్లు తిని వెళ్లారు.

సరుకు బూజు పట్టిందని అక్కడి కొనుగోలుదారు తిప్పి పంపాడు. తర్వాత కొద్ది నెలలకే ప్రాజెక్టు మూతపడింది. కారణం మాకెవరూ చెప్పలేదు, చెప్పాల్సిన అవసరం ఉందని ఎవరికీ తోచినట్టు లేదు. ఊరు మాత్రం తేల్చేసింది, ఫలానా ఆమె చల్లిన నీళ్లకే అంతా కొట్టుకుపోయిందని. ఆమె ఎవరికీ ఎదురు చెప్పలేదు. తలకు గుడ్డ చుట్టుకుని మళ్లీ కూలికి వెళ్లింది, ఒంట్లో శక్తి ఉన్నంత కాలం వెళ్లింది. షెడ్డు ఇప్పుడు పురుగుమందుల కొట్టు వాళ్ల గోడౌను.

టీవీ చూసిన ఆ సాయంత్రం ఉండబట్టలేక, అప్పటి మా పైఅధికారికి ఫోన్ చేశాను. ఆయన రిటైరై మనవళ్లతో కాలక్షేపం చేస్తున్నారు. ఎంతో మామూలుగా, డబ్బిచ్చే దేశంలో ప్రభుత్వం మారిందనీ, మన కాయ ఓడ ఎక్కకముందే ప్రాజెక్టు ఆపాలని నిర్ణయం అయిపోయిందనీ, ఆ బూజు సంగతి అసలు ఎవరి లెక్కలోనూ లేదనీ చెప్పారు. మర్నాడే బస్సెక్కి ఊరికి వెళ్లాను. ఇన్నేళ్ల బరువు దించబోతున్నానన్న సంబరంలో కాళ్లు కూడా కడుక్కోకుండా మంచం పట్టె మీద కూర్చుని, నీ తప్పేం లేదత్తా అని మొత్తం చెప్పాను.

ఆమె నా మొహంలోకి చూసింది. కళ్లు సరిగా కనపడవు, అయినా చూసింది.

"అట్టయితే, నేను చల్లకపోయినా పొయ్యేదేనంటనా?"

అవునన్నాను.

"ఇన్నాళ్లూ నేనొక్కదాన్నే చెడగొట్టా అనుకున్నానే. నీళ్లు చల్లకుండా ఉంటే నిలబడేదిగా అనుకున్నా." అటు తిరిగి పడుకుంది. నేను ఉన్నంతసేపూ మళ్లీ ఇటు తిరగలేదు.

తిరిగొచ్చే దారిలో, ఆటోల్లో కిక్కిరిసి పరాయి చేలకు పోయే ఆడవాళ్లు బస్సుకు ఎదురయ్యారు. మా కాలంలో పేదరికం పోతుందని ఎవరైనా చెబితే ఎప్పుడని అడిగేవాళ్లం, పోకపోతే మేమేం తప్పు చేశామా అని కుమిలేవాళ్లం. సరిగ్గా చేస్తే బాగుపడతామన్న నమ్మకం ఉండబట్టే కదా ఆ కుమిలిపోవడం. ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. మా మేనత్త దగ్గర మిగిలిన ఆ కాస్త నమ్మకాన్నీ మొన్న నేనే వెళ్లి తీసుకొచ్చేశాను.