బొమ్మ లేని డబ్బా

ఆ శనివారం ఒక ముసలావిడకి అబద్ధం చెప్పాను. నోరు జారిందని చాలా ఏళ్ళు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. జారలేదు. తెలిసే చెప్పాను. మోసి మోసి ఆ బరువు ఎంత అలవాటైపోయిందంటే, ఇప్పుడు మోస్తున్నట్టు కూడా తెలియడం లేదు. భయమేస్తున్నది అందుకే. అందుకే మీతో చెబుతున్నాను.

ఎనభైల చివర్లో, దేశం వదిలొచ్చి మేం స్థిరపడిన పెండిల్ హిల్‌లో, మా చర్చి వెనక హాల్లో, ఇబ్బందుల్లో ఉన్నవాళ్ళకి తిండి సరుకులు పంచేవాళ్ళం. ఎవరికీ జీతం లేదు. మార్గరెట్ అనే పెద్దావిడ అన్నీ చూసుకునేది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళూ దుకాణాలవాళ్ళూ ఇచ్చినవి శుక్రవారం అట్టపెట్టెల్లో సర్ది, మర్నాడు పొద్దున ఇచ్చేవాళ్ళం. పని పోయినవాళ్ళు వచ్చేవారు. పిల్లలతో ఒంటరిగా మిగిలిన తల్లులు వచ్చేవారు. ఫిజీలో గొడవలయ్యాక ఇల్లూ వాకిలీ వదిలి వచ్చినవాళ్ళూ వచ్చేవారు. ఎందుకొచ్చారని ఎవరినీ అడగకూడదు, తినని వస్తువుంటే మార్చి ఇవ్వాలి. ఇవి మార్గరెట్ పెట్టిన నియమాలు.

ఆ ముసలావిడ ఫిజీ నుంచి వచ్చింది. నుదుట పెద్ద కుంకుమబొట్టు, చీర మీద ఎవరో ఇచ్చిన మగవాళ్ళ కోటు. నేను మా ఆవిడతో మాట్లాడుతుంటే విని, మొహం వెలిగిపోతూ దగ్గరికొచ్చింది.

“తెలుగేనా బేటా? మా తాతలూ ఆ దేశమే. కూలికని ఓడెక్కారంట.” పెట్టెలోంచి ఒక డబ్బా తీసింది. చవకరకం డబ్బా, బొమ్మ లేదు, ఇంగ్లీషు అక్షరాలే. “నాకు చదవను రాదు. ఇది మటనేనా? డబ్బా మటన్ అక్కడ మాకు అలవాటే. గొడ్డుది మాత్రం గడప దాటనియ్యం. మా ముసలాయన అమ్మవారికి పూజ చేసినోడు.”

అది గొడ్డుమాంసమే.

“మటనే అమ్మా, తీసుకెళ్ళండి,” అన్నాను.

“నువ్వు చెప్తే చాలు. మనోడివి గదా.”

ఎందుకన్నాను? వెనక జనం ఉన్నారని కాదు. బఠాణీ డబ్బాలు చెయ్యి చాస్తే అందేవి. చిన్నప్పుడు గుంటూరు దగ్గర మా ఊళ్ళో, నా స్నేహితుడి ఇంటి అరుగు మీద కూర్చుని లేచాక, వాళ్ళమ్మ అక్కడ నీళ్ళు చల్లింది. మా పేటవాళ్ళం ఏం తింటామో ఆవిడకి తెలుసు. గడప దాటనియ్యం అన్న మాట వినగానే, సముద్రాలు దాటొచ్చిన నా లోపల ఆ తడి అరుగు లేచి నిలబడింది. కానీ ఈ ముసలావిడకీ ఆ అరుగుకీ సంబంధమేమిటి? ఆమె నన్ను మనోడివి అంది. ఆ మాట మా ఊళ్ళో ఆ వీధివాళ్ళెవరూ నన్ను అనలేదు. నేను కసి తీర్చుకున్నది నీళ్ళు చల్లినవాళ్ళ మీద కాదు, నమ్మినామె మీద.

తరవాతి శనివారం ఆమె వచ్చి నా తలమీద చెయ్యి పెట్టింది. “ఆయన ఎన్నాళ్ళకో ఇష్టంగా తిన్నాడు బేటా. నీ పిల్లలు చల్లగుండాలి.” నేను నవ్వాను. లోపల ఏమీ అనిపించలేదు. ఇంకో డబ్బా ఉందా అని అడిగింది. అయిపోయాయన్నాను. అదీ అబద్ధమే.

కొన్నాళ్ళకి వాళ్ళు మెల్‌బోర్న్ అవతల, కేరమ్ డౌన్స్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వెళ్ళిపోయారు. ఆమెకి చెప్పలేదు. చెబితే నా బరువు దిగి ఆమె మీద పడుతుందనుకున్నాను. అది దయా, పిరికితనమా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆమె తలమీద చెయ్యి పెట్టిన రోజు నుంచే డబ్బాల మీద బొమ్మలు వెయ్యడం మొదలుపెట్టాను. ఆవు, గొర్రె, చేప. “ఇది ఆవా, కుక్కా డార్లింగ్? డబ్బా తెరవాలంటే భయమేస్తోంది!” అని మార్గరెట్ పగలబడి నవ్వేది. పెట్టె ఇచ్చేముందు ప్రతి వస్తువూ బయటికి తీసి, అదేమిటో చెప్పి, తింటారా అని అడిగేవాణ్ణి. ఎందుకింత చాదస్తమని మా ఆవిడ విసుక్కునేది. ఆవిడకీ చెప్పలేదు.

ఎందరికో చెప్పాను, ఏ డబ్బాలో ఏముందో. అడిగిన ఆ ఒక్కామెకి తప్ప. ఆమె వినదని తెలిసీ, మొదటిసారి ఇక్కడ చెబుతున్నాను.

అది మటన్ కాదమ్మా.