పిన్ని షట్టర్ తీయని ఆ కాసేపు

నిన్న పొద్దున బాబాయి ఫోన్ చేసి, "మీ పిన్ని వెళ్లిపోయిందమ్మా" అన్నారు.

ఎక్కడికి అని అడిగాను. నిజంగానే అడిగాను.

అటువైపు బాబాయి ఏడుపు వినపడ్డాక గానీ నాకు అర్థం కాలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. మొన్న ఆదివారమే కదా, "వానలు మొదలయ్యాయి, నీళ్లు కాచి తాగు" అని క్లాస్ పీకింది.

సాయంత్రానికి నా ఫోన్ నిండా పిన్ని ఫొటోలే. డాక్టర్ సుశీల గారు, తార్నాక. "ఉద్యమంలో పిల్లల కోసం తలుపులు తెరిచిన డాక్టరమ్మ" అని రాస్తున్నారు.

చదువుతుంటే ఏడుపు వచ్చింది. దానికంటే ఎక్కువగా సిగ్గు వేసింది.

పిన్ని ముందు ఎవరైనా ఈ మాట అంటే అక్కడే ఆపేసేది. "ముందు తలుపు వేసుకుని కూర్చున్నాను. అది కూడా చెప్పండి" అనేది.

ఇప్పుడు ఆ మాట అనడానికి తను లేదు. అందుకే నేను చెబుతున్నాను.

మాది ఏలూరు వైపు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో నేను పిన్ని వాళ్లింట్లో ఉండి ఎంబీఏ చదివేదాన్ని. కింద క్లినిక్, పైన ఇల్లు. ప్రాక్టీస్ డల్‌గా ఉందని, వానాకాలం ఫీవర్ల మీద ఒక అవేర్‌నెస్ క్యాంపెయిన్ చేద్దామన్నాను. డెంగీ, మలేరియా, టైఫాయిడ్ మీద పాంప్లెట్లు. మాణికేశ్వర్ నగర్ బస్తీలో ఒక టాక్, పక్కనే ఉన్న యూనివర్సిటీ క్యాంపస్ లేడీస్ హాస్టల్‌లో ఒక టాక్. క్లినిక్ పైన పిన్ని ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ.

అన్నిటి మీదా పిన్ని సెల్ నంబర్, నేను రాసిన లైను: "ఏ వేళైనా రండి, మేమున్నాం."

"అలా రాస్తే నిజంగానే వస్తారే" అంది పిన్ని.

"మార్కెటింగ్ పిన్నీ, అలాగే రాస్తారు" అన్నాను.

హాస్టల్‌లో పిన్ని కూలర్లలో నిలిచిన నీళ్ల గురించి చెబుతుంటే, వెనక నుంచి ఒక అమ్మాయి లేచింది. పేరు రజిత. జనగామ దగ్గర పల్లె నుంచి వచ్చి ఎమ్మే చదువుతోంది.

"మేడం, దోమల సంగతి మాకెర్కనే. టియర్ గ్యాస్ కండ్లల్ల పడ్తె ఏం జెయ్యాలె? గది జెప్పుండ్రి."

అందరూ నవ్వారు. పిన్ని నవ్వలేదు. పాంప్లెట్ పక్కన పెట్టేసింది. కళ్లు రుద్దుకోవద్దు, ధారగా నీళ్లు పోసి కడగండి, ఆ బట్టలు వెంటనే మార్చండి, తలకు దెబ్బ తగిలి వాంతి అయితే అస్సలు ఆగొద్దు అని చెప్పింది.

వచ్చేటప్పుడు, "తార్నాకలోనే ఉంటాను. ఏ వేళైనా రండి" అంది.

వాళ్లు నమ్మారు.

తర్వాత కొద్ది రోజులకే బంద్. క్యాంపస్ వైపు నుంచి ఢాం ఢాం అని చప్పుళ్లు. కళ్లు మండుతున్నాయి. బాబాయి షట్టర్ దించేశారు. "మనం ఆంధ్రావాళ్లం. అటు పోలీసులు, ఇటు వీళ్లు. మనకెందుకు?" అన్నారు.

మధ్యాహ్నం ఎవరో షట్టర్ బాదారు.

"మేడం! మేడం!"

రజిత గొంతు. మేము ముగ్గురం లోపలే ఉన్నాం. బాబాయి వద్దన్నట్టు చెయ్యి ఊపారు. పిన్ని కుర్చీలోంచి సగం లేచి మళ్లీ కూర్చుంది. నేనూ కదల్లేదు.

బయట బాదుతూనే ఉన్నారు.

ఇంతలో టేబుల్ మీద పిన్ని ఫోన్ మోగింది. ఫ్లెక్సీ మీద నంబర్ చూసి చేసినట్టున్నారు.

ఆ రింగు వాళ్లకూ వినపడింది. బాదడం ఆగిపోయింది.

"లోపట్నే ఉన్నరా మేడం?"

కోపంగా అడగలేదు. ఆశ్చర్యంగా అడిగింది. అదే తట్టుకోలేకపోయాం.

పిన్ని లేచి తనే షట్టర్ ఎత్తింది. రజిత భుజం మీద వాలిపోయి స్వరూప అనే అమ్మాయి. తల నుంచి రక్తం జడ దాకా కారింది. పిన్ని వెంటనే కుట్లు వేసింది. స్కానింగ్ తప్పదంటే, కారు తీసింది బాబాయే. సందుల్లోంచి తిప్పి ఆసుపత్రికి చేర్చారు. ఆ అమ్మాయి కోలుకుంది.

రోడ్లు తెరుచుకోగానే పిన్ని హాస్టల్‌కు వెళ్లింది. నన్నూ రమ్మంది. అమ్మాయిలందరి ముందు నిలబడి, "ఆ రోజు నేను లోపలే ఉన్నాను. భయపడి తలుపు తీయలేదు. రమ్మని పిలిచింది నేనే. సిగ్గుగా ఉంది. క్షమించండి" అంది.

 ముందు రజితే అంది: "తీసిండ్రు గద మేడం. మల్లొస్తె జెర జల్ది తియ్యుండ్రి."

ఆ తర్వాత ఎన్ని బంద్‌లు జరిగినా క్లినిక్ మూయలేదు. మీరంతా రాస్తున్నది ఆ రోజుల గురించే. అదంతా నిజమే.

అప్పటి నుంచి ఏ సీజన్‌కు క్యాంపెయిన్ అనుకున్నా, పిన్ని ముందు హాస్టల్‌కు వెళ్లి "మీకేం కావాలి?" అని అడిగేది. చెయ్యలేనిది ఒక్క ముక్క కూడా రాయనిచ్చేది కాదు.

నిన్న పిన్ని వాళ్లింటికి రజిత వచ్చింది. ఇప్పుడు అంబర్‌పేట్‌లో ఉంటోంది, లెక్చరర్. పిన్ని పాదాల దగ్గర చాలాసేపు కూర్చుని నాతో అంది: "పెద్దోళ్లు మా అసొంటోళ్లను మాఫీ అడగంగ నేను జూసింది గదొక్కపారే అక్కా."

ఆ రోజు హాస్టల్‌లో పిన్ని పక్కన నేనూ నిలబడ్డాను. నోరు మాత్రం తెరవలేదు. నిన్న క్షమాపణ అడుగుదామనుకున్నాను. ఏడుపు ముందొచ్చేసింది. రజిత నా చెయ్యి పట్టుకుంది.

రజితా, ఇది నువ్వు చదువుతావని తెలుసు. నన్ను కూడా క్షమించు.

పిన్నీ, ఇక ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు నువ్వు. వెళ్లిరా. ప్రశాంతంగా నిద్రపో.