బావిలో వినిపించిన అంకెలు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే, ఎక్కడో చూపించమని వెంటపడే రకం నేను. వనపర్తిలో చదువుకునే రోజుల నుంచీ అంతే. అందుకే ఈ సంగతి చాలాకాలం ఎవరికీ చెప్పలేదు.

పంతొమ్మిది వందల ముప్పైల చివర, రెండో ప్రపంచయుద్ధానికి ముందు, చదువుకు సర్కారు ఇచ్చే వజీఫా డబ్బు మీద ఇంగ్లండులో రసాయనశాస్త్రం చదువుతుండేవాణ్ణి. ఎండాకాలం సెలవులకు తోటివాళ్లంతా ఇళ్లకు వెళ్లారు. ప్రొఫెసరు నాకు తన ప్రయోగశాలలో పని అప్పగించి, తానూ సముద్రతీరానికి వెళ్లిపోయాడు.

కష్టమైన పనేం కాదు. వేడినీళ్ల తొట్టిలో పాలసీసాలు పెట్టి, ఐదు నిమిషాలకోసారి థర్మామీటరు చూసి రాసుకోవాలి. పొద్దున తాళం తీసే కాపలాదారు ఒక మాట పలకరించేవాడు, సాయంత్రం తాళం వేస్తూ ఇంకో మాట. మధ్యలో మనిషి గొంతు లేదు. తెలుగు మాట చెవిన పడి పది నెలలైంది. రెండో వారంలో, కనీసం నా గొంతైనా విందామని, అంకెలను తెలుగులో పైకి చదవడం మొదలుపెట్టాను.

ఒక మంగళవారం పొద్దున పదిన్నర దాటింది. "ముప్పై ఏడు" అన్నాను.

"మల్లొక్కపారి చెప్పు" అంది ఒక ఆడగొంతు.

మా పాలమూరు మాట. లేచి నడవాలో చూశాను, కిటికీలోంచి వీధిలోకి చూశాను. ఎవరూ లేరు. వచ్చి కూర్చుని మళ్లీ చెప్పాను. భయం వెయ్యలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అంతే.

ఆ రోజు గ్యాసు మంట సరిగ్గా లేదు. వేడి ముప్పై నాలుగుకు పడిపోయింది, తర్వాత నలభై ఒకటికి లేచింది. ప్రతి అంకెకూ ఆ గొంతు మళ్లీ చెప్పమంది, నేను చెప్పాను. అన్నం సంగతి కూడా మరిచిపోయి ఒంటిగంటన్నర దాకా అలాగే కూర్చున్నాను. ఆ తర్వాత గొంతు ఆగిపోయింది. మిగతా సెలవులన్నీ ఎదురుచూశాను. మళ్లీ రాలేదు. అంతకుముందు గది ఖాళీగా ఉండేది, ఇప్పుడు అందులో ఉండబుద్ధి కాలేదు.

మూడు వారాలకు ఉప్పునుంతల నుంచి బావ ఉత్తరం వచ్చింది. అదే మంగళవారం మధ్యాహ్నం మూడింటి ప్రాంతంలో మా అక్క యాదమ్మ, తప్పిపోయిన దూడను వెతుకుతూ పాడుబడ్డ మోటబావిలో పడింది. కాలు విరిగింది. లోపల ఒక రాతి అంచు మీద చిక్కుకుంది. కన్ను మూతపడితే కింద నీళ్లలోకి జారిపోయేదే. పొద్దు గూకేముందు మేకలు కాసే ముసలాయన చూసి జనాన్ని పిలిచాడట. "పైకి తీసిన మూడోనాడు నోరు పెగిలినంక ముప్పై నాలుగు, నలభై ఒకటి అనుకుంట కలవరించింది. మాకేం సమజ్ కాలే" అని రాశాడు బావ.

నా నోటుపుస్తకం తీసి చూశాను. అంకెలు కలిశాయి. అక్కడ పదిన్నర అంటే మన దగ్గర ఇంచుమించు మూడు, ఒంటిగంటన్నర అంటే ఆరు. అది కూడా కలిసింది.

మరుసటి ఏడు ఇంటికి వచ్చాక అక్క దగ్గరికి వెళ్లాను. కాలు కొంచెం ఈడుస్తూ నడుస్తోంది. జొన్నరొట్టె పెట్టి ఎదురుగా కూర్చుంది.

"బాయిల నీ గొంతే ఇన్న తమ్మీ" అంది. "ఆ అంకెలు ఇనుకుంటనే కన్ను మూయకుంట కూసున్న."

"మరి మల్లొక్కపారి చెప్పమని ఎందుకడిగినవక్కా?"

అక్క నా మొహంలోకి చూసింది. "నేనేడ అడిగిన? దెబ్బ తాకి దవడ వాసి నోరే తెరవనీకి రాలే. నా పక్కన కూసున్నామె అడిగింది గద."

"ఎవరామె?"

"తెల్వదు. చీకట్ల మొకం కనవడలే. నువ్వు ఆమెకే చెప్తున్నవనుకున్న."

బావిలోకి దిగిన ఇద్దరు మనుషులనూ తర్వాత అడిగాను. అక్క తప్ప లోపల ఎవరూ లేరన్నారు. ఆ అంచు మీద ఇద్దరు కూర్చునే చోటు కూడా లేదట. జీవితమంతా ప్రయోగశాలల్లోనే గడిపాను. ఇప్పటికీ థర్మామీటరు చూసినప్పుడు అంకెను తెలుగులో రెండుసార్లు పైకి చదువుతాను.