గడియారం ముందు పెట్టిన చెయ్యి

నాలుగు మూలలు, ఎనిమిది మడతలు, రెండుచోట్ల జిగురు. బూట్ల పెట్టె అంటే అంతే. పంతొమ్మిదేళ్ళుగా ఆమె పని అదే. అట్ట చేతికి అందగానే మడత నొక్కే చెక్కముక్క ఒక్కసారి అంచుమీద జారేది, మూలలు లేచి నిలబడేవి. అట్టలో నిద్రపోతున్న పెట్టెను తట్టి లేపుతోందేమో అనిపించేది చూసేవాళ్ళకు. కాని చూసేవాళ్ళెవరు?

ఆ షెడ్డులోకి ఆమెను తీసుకొచ్చింది వదిన, సొంత అన్న భార్య. మొదటిరోజు పక్కన కూర్చోబెట్టుకుని పని నేర్పింది.

"మరదలా, అట్టతో దెబ్బలాడకు. అది మీ అన్నలాంటిది. ఎటు వంగుతుందో చూసుకుని అటే వంచు."

బల్ల చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. అప్పుడు అన్న బస్తాలు మోసేవాడు. నాలుగేళ్ళ కిందట నడుము దెబ్బతిని మంచం పట్టాడు. అప్పటినుంచి ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతున్నది వదిన బొటనవేళ్ళ పుణ్యాన. ఆ వేళ్ళు కూడా ఇప్పుడు కీళ్ళ దగ్గర వాచిపోయాయి.

బల్లకు ఎనిమిదిమంది. మనిషికి రోజుకు మూడువందల పెట్టెలు. ఎవరి గుట్ట తగ్గితే వాళ్ళవైపు పక్కావిడ మోచేత్తో ఒక పెట్టె తోసేది. అడగడం లేదు, చెప్పడం లేదు. ఒకరికి ఒంట్లో బాగుండదు, ఇంకొకరు రాత్రంతా పిల్లను ఎత్తుకుని తిరిగి ఉంటారు. సాయంత్రానికి మాత్రం ఎనిమిది గుట్టలూ సమానంగా ఉండేవి. బయటిమనిషి ఎవరైనా లోపలికొస్తే వదిన దగ్గేది. ఆ దగ్గు వినగానే చేతులన్నీ నెమ్మదించి బల్లంతా పెళ్ళినడకలు మొదలుపెట్టేది. ఇవి ఎక్కడా రాసి లేవు. రాసి ఉన్నవాటికంటే గట్టిగా నడిచాయి.

ఒక వానాకాలం పొద్దున సూపర్‌వైజర్ ఒక మనిషిని తీసుకొచ్చాడు. అతని చేతిలో అరచేతిలో ఇమిడే గడియారం. మాట మెత్తన. అందరితోపాటు నిలబడి టీ తాగాడు. తర్వాత ఆమె దగ్గరికొచ్చాడు.

"అక్కా, ఈ బల్లమీద చెయ్యంటే మీదేనంట. ఒకసారి చూడనిస్తారా? మీ పని తేలికవ్వాలంటే బల్ల ఎంత ఎత్తుండాలో, అట్ట ఎటువైపుండాలో తెలియాలి కదా."

"దీనివల్ల ఎవరికీ ఇబ్బంది రాదు కదా సార్?"

"ఇబ్బందా? మీ సుఖం కోసమే అక్కా."

వదిన దగ్గింది. మళ్ళీ దగ్గింది. మూడోసారి బల్లంతా దగ్గింది.

"ఇక్కడి గాలి బాగున్నట్టు లేదు," అన్నాడతను.

ఆమె ఆ దగ్గులు వింది. విననట్టు ఉంది. ఇంట్లో ఆమె మడిచిపెట్టిన బట్టల్ని ఎవరూ చూడరు, తొడుక్కుపోతారు. ఆమె చేసిన పెట్టె ఎవరింటికో వెళ్తుంది, బూట్లు బయటికొస్తాయి, పెట్టె చెత్తలో పడుతుంది. ఆమె చేతిని చూడడానికి ఒక మనిషి వంగి నిలబడడం పంతొమ్మిదేళ్ళలో అదే మొదలు. అతను గడియారం నొక్కాడు, ఒక ఫొటో కూడా తీశాడు. చెయ్యి పరుగందుకుంది. ఆపుదామని ఆమెకు అనిపించలేదు కూడా. ఆ సంగతి తర్వాత ఎవరికీ చెప్పలేదు.

ఇంటికి నడుస్తుంటే వదిన అంది.

"ఏమే మరదలా, మీ అన్న నన్ను చూసుకోవడానికొచ్చిన రోజున నేను కూడా అంత ముస్తాబు కాలేదే!"

"బల్ల ఎత్తు కోసమంట వదినా."

"ఎత్తు కొలిచేవాడు టేపు తెచ్చుకుంటాడే పిచ్చిదానా. గడియారమెందుకు?"



మూడు వారాలకు గోడమీద బోర్డు వెలిసింది. రోజుకు నాలుగువందల నలభై. ఎవరి పెట్టెలకు వాళ్ళ నంబరు చీటీ అంటించాలి. నెలాఖరుకు బల్లలో అందరికంటే వెనకబడిన మనిషి వెళ్ళిపోవాలి. బోర్డు పక్కన ఒక పెద్ద ఫొటో పెట్టారు. రెండు చేతులు, మధ్యలో అట్ట. కింద అక్షరాలు: "ఈ చేతులకు సాధ్యమైంది మీకూ సాధ్యమే."

ఫొటోలో ముఖం లేదు. ఎడమ చూపుడువేలిమీద పాత కోత గీత ఉంది. ఆ గీత ఎవరిదో బల్లలో అందరికీ తెలుసు.

బల్ల ఎత్తు మాత్రం మారలేదు.

జిగురు గిన్నె అందరి మధ్యా ఒకటే ఉండేది. వారం తిరక్కుండానే ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకున్నారు. అట్ట కిందపడితే పక్కవాళ్ళు వంగడం మానేశారు. మోచేతులు పక్కటెముకలకు అతుక్కుపోయాయి. వీళ్ళు చెడ్డవాళ్ళయ్యారా అంటే, ఆమెకు అలా తోచలేదు. నిన్నటి మనుషులే. కాకపోతే నిన్నటిదాకా అక్కచెల్లెళ్ళలా గడిపినవాళ్ళు ఇప్పుడు ఒకే కుర్చీ కోసం దాని చుట్టూ తిరుగుతున్నట్టున్నారు. "చేతకానివాళ్ళు ఇంటిపట్టున ఉండొచ్చుగా," అని ఎవరో అన్నారు. ఎవరినని ఎవరూ అడగలేదు.

వదిన మూడువందల యాభై దగ్గర ఆగిపోయేది. టీకి లేవడం మానేసింది. బొటనవేళ్ళకు గుడ్డ చుట్టుకుంది. అయినా మూడువందల యాభయ్యే.

నెలాఖరు వారంలో ఆమె తన పెట్టెలకు వదిన చీటీలు అంటించి పాత పద్ధతిలో మోచేత్తో తోయడం మొదలుపెట్టింది. మూడురోజులు సాగింది. నాలుగోరోజు సూపర్‌వైజర్ ఇద్దరినీ గదిలోకి పిలిచాడు.

ఎవరు చెప్పారో ఆమెకు తెలిసిపోయింది. ఎడంపక్కన కూర్చునే అమ్మాయి తల ఎత్తలేదు. కడుపుతో ఉన్నప్పుడు చివరి మూడునెలలూ ఆ పిల్ల గుట్టను బల్లంతా కలిసి నింపింది. ఆమె గదివైపు నడుస్తూ ఒక్క క్షణం ఆగింది.

"నువ్వేనా?"

"వదినగారు పైకెక్కితే అట్టడుగున మిగిలేది నేనే పిన్నీ. నాకూ ఇల్లుంది." ఆ పిల్ల అట్ట మడుస్తూనే ఉంది. "అయినా ఈ అంకె తెచ్చిపెట్టింది నేనా?"

గదిలో సూపర్‌వైజర్ కాగితం ముందుంచుకున్నాడు.

"చీటీలు ఆవిడే మార్చినట్టు రాస్తున్నాను," అన్నాడు ఆమెతో.

"నేను మార్చాను సార్."

"అలా రాస్తే ఇద్దరూ పోతారు. ఆవిడ ఎలాగూ పోయే మనిషే. మీది మాకు కావలసిన చెయ్యి. చెప్పండి, ఏం రాయమంటారు?"

వదిన పక్కనే నిలబడి ఉంది. ఆమె తన ఇంటిని తలుచుకుంది, అన్న మంచాన్ని తలుచుకుంది. ఇద్దరూ పోతే ఎవరికి లాభమని కూడా అనుకుంది. ఆ ఆలోచన ఎంత సక్రమంగా ఉందో చూసి ఆమెకే భయం వేసింది. నోరు తెరిచింది. మాట రాలేదు.

సూపర్‌వైజర్ రాసుకున్నాడు.

వదిన తన చెక్కముక్కను చీరకొంగులో చుట్టుకుని వెళ్ళిపోయింది. దొంగ అనే మాట కాగితంమీద ఉంది. దాన్ని పైకి ఎవరూ అనలేదు.

తర్వాతి నెలలో గడియారం మనిషి ఇంకో బల్లను కొలవడానికొచ్చాడు. ఆమె ఎదురెళ్ళింది. అతను గుర్తుపట్టలేదు. చేతులు చూశాక నవ్వాడు.

"ఓ, మీరా అక్కా!"

"బల్ల ఎత్తు అన్నారు."

"రాశానక్కా. నిజంగా రాశాను. వాళ్ళు అంకె తీసుకుని ఎత్తు వదిలేశారు."

"మళ్ళీ కొలవండి. నెమ్మదిగా చేస్తాను."

"ఇప్పుడేం లాభం? చేయగలరని తెలిసిపోయింది కదా," అన్నాడు జాలిగా. ఆ జాలి నిజమైనదే. తర్వాత గడియారం చూసుకున్నాడు. తనకూ రోజుకు ఇన్ని బల్లలు కొలవాలని లెక్క ఉందట.

సెలవురోజున ఆమె అన్న ఇంటికి వెళ్ళింది. అన్న ఆమెను చూసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. వదిన నేలమీద కూర్చుని ఉంది. చుట్టూ అట్టలు, మధ్యలో జిగురు గిన్నె. అదే షెడ్డు పని, అవే బూట్ల పెట్టెలు. ఎవరో మధ్యమనిషి ఇళ్ళకు తెచ్చి ఇస్తున్నాడు. కూలి మాత్రం షెడ్డులో వచ్చేదాంట్లో సగం. అంకె లేదు. ఎన్నైతే అన్ని.

"నీకింకా చేతులు నొప్పిగానే ఉన్నాయా వదినా?"

వదిన వాచిన వేళ్ళతో ఒక మూలను నొక్కి, అది నిలబడేదాకా పట్టుకుని కూర్చుంది.

ఆమె చాపమీద కూర్చుని ఒక అట్ట అందుకుంది. చెయ్యి దానంతటదే కదిలింది. మడత, మడత, మూల. రెప్పపాటులో పెట్టె లేచి నిలబడింది. ఇంకో అట్టకోసం చెయ్యి చాపింది.

వదిన ఆ అట్టమీద తన అరచెయ్యి పెట్టింది.

"వద్దు. సాయంత్రం వాడొచ్చి లెక్కపెట్టుకుంటాడు. నీ చెయ్యి పడితే ఈ ఇంటికి కూడా అంకె వస్తుంది."

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది. వదిన పెట్టెలు చేస్తూనే ఉంది, ఒక్కొక్కటే. వాటిని చూస్తూ ఆమె చాలాసేపు కూర్చుంది. లే అని గాని, ఉండు అని గాని ఎవరూ అనలేదు.