ఓడిన ఆటను కత్తిరించని సినిమా

సహోదరులారా, మా వీధి మలుపులో పక్కింటివాళ్ళ మెయిల్‌బాక్స్‌ను నా కారుతో గుద్ది పడగొట్టిన సాయంత్రం దగ్గర మొదలుపెడతాను. నా చీకటి రోజుల్లో నాకు అన్నిటికంటే స్పష్టంగా గుర్తున్నది అదే. వాన పడుతోంది, వెనక సీట్లో నా కూతురు హన్నా కూర్చుని ఉంది, అప్పటికి చిన్నపిల్ల, మ్యూజిక్ క్లాస్ నుంచి ఇంటికి తీసుకొస్తున్నాను, నా పక్కన స్టీలు మగ్గు ఉంది, అందులో ఉన్నది కాఫీ కాదు. దెబ్బకు మగ్గు దొర్లి కారంతా వాసన కమ్మేసింది. పాప ఏడవలేదు, అరవలేదు, కిటికీ అద్దం దించి ముఖం వానలోకి పెట్టి గాలి పీల్చుకుంది. ఆ వాసన తనకు కొత్త కాదని నాకప్పుడు తెలిసింది!

అవి మాంద్యం రోజులు. అమెరికాలో బాతెల్ అనే ఊళ్ళో ఉద్యోగం, ఉద్యోగం పోతే దేశం వదలాల్సిన హెచ్-వన్ వీసా మీద బతుకు, ఆఫీస్‌లో ప్రతి శుక్రవారం ఎవరో ఒకరు అట్టపెట్టెలో సామాను సర్దుకుని వెళ్ళిపోతుంటే, ఆ భయానికి మందు అని మొదలుపెట్టిన బీరు కొంతకాలానికి విస్కీ అయ్యింది, విస్కీ సీసా కారు డిక్కీలో స్టెప్నీ కిందికి చేరింది. నా భార్య శాంత కుక్కర్ మోతలో వినపడదనుకుని వంటగదిలో నిలబడి ప్రార్థించేది: "ప్రభువా, ఈయన్ని నువ్వే పట్టుకో, నా చేతులు చాలట్లేదు." ఆ ప్రార్థన విని కూడా నేను గరాజ్‌లోకే వెళ్ళేవాణ్ణి.

మెయిల్‌బాక్స్ సంగతి జరిగాక వచ్చిన ఆదివారం, మన సహవాసం అద్దెకు తీసుకున్న అమెరికన్ చర్చిలో, పాస్టరు గారు పిలిచినప్పుడు నేను ముందుకు వెళ్ళి మోకరించాను. పెద్దలు నా తల మీద చేతులుంచారు. "యేసయ్యా, నా ముఖం చూడకు, ఆ వెనక సీట్లో ఉన్న పిల్లను చూసి నన్ను విడిపించు" అన్నాను. నా గుండెలో అంతకుముందు ఎన్నడూ లేని శాంతి వచ్చింది. ఇంటికి వెళ్ళి సీసాలన్నీ సింక్‌లో ఒంపేశాం, నేను ఒంపుతుంటే శాంత నీళ్ళు వదిలింది. ఇదంతా నిజం, దీనిలో ఒక్క మాట కూడా నేను వెనక్కి తీసుకోను.

ఆ తర్వాత నేను చెప్పిన మాట మాత్రం వెనక్కి తీసుకోవాలి.

మరుసటి సంవత్సరం ఈ పత్రికలోనే నా సాక్ష్యం వచ్చింది, మీలో చాలామంది చదివారు. "ఆ రోజు నుంచి నేటివరకు ఒక్క చుక్క కూడా ముట్టలేదు" అని అందులో రాశాను. చదివినవాళ్ళు కన్నీళ్ళు పెట్టుకున్నారు, ఎడిసన్, ఆష్‌బర్న్ లాంటి ఊళ్ళ తెలుగు సంఘాలవాళ్ళు తమ దగ్గరికి వచ్చి సాక్ష్యం చెప్పమని పిలిచారు, వెళ్ళి చెప్పాను, అక్కడా ఏడ్చారు. కానీ సహోదరులారా, సీసాలు ఒంపిన నెల తిరగకముందే ఆఫీస్ పని మీద వేరే ఊరు వెళ్ళి హోటల్ గదిలో తాగాను. తిరిగొచ్చి ఏడ్చి ప్రార్థించాను, మళ్ళీ తాగాను. చివరికి శాంత నన్ను డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది, ఆ డాక్టరు తాగుడు మానాలనుకునేవాళ్ళు శనివారం పొద్దున్నే కూర్చునే ఒక మీటింగ్‌కు పంపారు, అక్కడ మడత కుర్చీల్లో, ముక్కూ మొహం తెలియని తెల్లవాళ్ళ మధ్య కూర్చుని, పడుతూ లేస్తూ ఉన్న నన్ను ప్రభువు కొంచెం కొంచెంగా బయటికి లాగాడు. సాక్ష్యం రాసేనాటికి మానేసిన మాట వాస్తవమే. ఆ మధ్యలో పడిన పాట్లన్నీ కత్తిరించేశాను. ఎందుకు కత్తిరించావయ్యా అంటే, మనలో ఒక మాట ఉంది కదా, పడిపోయిన సంగతులు చెబితే సాతానుకు మహిమ ఇచ్చినట్టు అవుతుందని. నాకు ఎవరూ ఆ సలహా ఇవ్వలేదు, నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాట వెనక దాక్కోవడం చాలా సుఖంగా ఉండింది!

ఆ సాక్ష్యం విన్నవాళ్ళలో సుధీర్ ఒకడు. వరంగల్ వైపు అబ్బాయి, మా పక్క అపార్ట్‌మెంట్లలోనే ఉంటాడు, మంచి ప్రోగ్రామరు, అతనికీ నా జబ్బే. ఒకరోజు వచ్చి, "అన్నా, నేను కూడా ప్రార్థన చేసి అన్నీ పారబోసిన, దేవుడు నిన్ను విడిపించినట్టే నన్ను కూడా విడిపిస్తడు" అన్నాడు. సంతోషించాను. కొన్ని వారాలకు మళ్ళీ తాగి, ముఖం వేలాడేసుకుని వచ్చాడు. అప్పుడు నేను ఏం చెప్పాలి? నేనూ ఇలాగే పడ్డాను తమ్ముడూ, రా శనివారం వెళదాం అనాలి. నేనేమన్నానో తెలుసా? "నీ విశ్వాసం చాలలేదు తమ్ముడూ, ఇంకా పట్టుదలగా ప్రార్థించు" అన్నాను. అతను తల ఊపి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత చర్చికి రావడం మానేశాడు. కొన్నాళ్ళకు అతని భార్య స్వప్న సామాను సర్దుకుని అక్క ఇంటికి వెళ్ళిపోయిందని విన్నాను. విని కూడా నోరు విప్పలేదు.

ఇప్పుడు సినిమా సంగతి. మీకు నవ్వు రావచ్చు గానీ నా కళ్ళు తెరిచింది ప్రసంగం కాదు, ఒక అమెరికన్ ఫుట్‌బాల్ సినిమా.

హన్నా హైస్కూల్‌కు వచ్చాక బ్యాండ్‌లో చేరి క్లారినెట్ వాయించేది. ఆ ఏడు వాళ్ళ స్కూలు టీమ్ రాష్ట్రం మొత్తం మీద ఛాంపియన్ అయ్యింది. ఒకప్పటి ఆటగాడి తండ్రి ఎవరో ఆ సీజనంతా కెమెరా పట్టుకుని వాళ్ళ వెంట తిరిగి డాక్యుమెంటరీ తీశాడు, దాన్ని వసంతకాలంలో స్కూలు ఆడిటోరియంలో చూపించారు. బ్యాండ్ పిల్లలు కూడా కనిపిస్తారు, మీరు రావాల్సిందే అంది హన్నా. నాకేమో ఆ ఆట అంటే తెలిసింది ఇంతే: హెల్మెట్లు పెట్టుకుని కోడిగుడ్డు ఆకారంలో ఉన్న బంతి కోసం ఒకరి మీద ఒకరు పడతారు, బంతిని అవతలి గీత దాటిస్తే పాయింట్లు, మధ్యలో జారవిడిస్తే అవతలివాళ్ళు ఎత్తుకుపోతారు. క్రికెట్ చూసి పెరిగినవాణ్ణి, గంటన్నర కునుకు తీయొచ్చని వెళ్ళాను.

కునుకు రాలేదండీ! ఆగస్టు ఎండలో సాధనకు పెట్టిన ఇనుప బండిని నెడుతూ వాంతులు చేసుకునే పిల్లలు, వానలో బురద ముద్దలై హెల్మెట్ తీస్తే తలల నుంచి ఆవిరి లేచే పిల్లలు, బంతి ఎన్నడూ చేతికి రాకపోయినా పక్కవాడికి దారి చేయడానికే ఆటంతా దెబ్బలు తినే ఆ లావుపాటి పిల్లలు, వాళ్ళను చూస్తుంటే నా ఒళ్ళు పులకరించింది. అయితే నన్ను పట్టుకున్నది వాళ్ళు ఓడిన ఆట. డెరిక్ అనే కుర్రాడు బంతి పట్టుకుని పరుగెత్తుకొచ్చి, గీత ఇంకో అడుగు ఉందనగా జారవిడిచాడు. ఆట పోయింది. సినిమా తీసినాయన దాన్ని తొందరగా దాటేయలేదు, గెలిచిన ఆటలకంటే ఎక్కువ సేపు చూపించాడు!

ఆ టీమ్‌లో ఒక ఆచారం ఉంది. ప్రతి సోమవారం బడి అయ్యాక పిల్లలంతా ఒక గదిలో కూర్చుని క్రితం ఆట వీడియో చూస్తారు. తప్పు ఎవరిదైతే రిమోట్ వాళ్ళ చేతికిస్తారు. వాడే లేచి, వాడే బొమ్మ ఆపి, ఏం జరిగిందో వాడి నోటితోనే చెప్పాలి. డెరిక్ లేచాడు. "ఇక్కడ నేను బంతి వైపు చూడలేదు, జనం వైపు చూశాను" అన్నాడు. ఒక్కడూ నవ్వలేదు. కోచ్, పొట్ట ముందుకొచ్చిన పెద్దాయన, ఒకే ఒక్క మాట అడిగాడు: "ఇంకా ఎవరికైనా ఇలా జరిగిందా?" గదిలో సగం చేతులు లేచాయి. ఆ కుర్రాడు మరో ఆటలో మళ్ళీ జారవిడిచాడు, మళ్ళీ సోమవారం వచ్చింది, మళ్ళీ రిమోట్ పట్టుకుని నిలబడ్డాడు, మళ్ళీ చేతులు లేచాయి. ఫైనల్‌లో చివరి క్షణాల్లో, పాయింట్లలో ముందున్నారు కాబట్టి బంతి చేజారకుంటే చాలన్నప్పుడు, దాన్ని ఆ కుర్రాడికే ఇచ్చారు. గీత దాకా పరుగెత్తలేదు, గొప్ప విన్యాసం ఏమీ చేయలేదు, రెండు చేతులతో బంతిని కడుపుకు అదుముకుని కింద పడ్డాడు, అందరూ మీద పడినా వదల్లేదు. అంతే, గెలిచారు! ఆడిటోరియం అంతా లేచి నిలబడింది, నేనూ లేచాను, చప్పట్లు కొడుతుంటే కళ్ళ నీళ్ళు ఆగలేదు.

తిరిగి వస్తుంటే కారులో వెనక నుంచి హన్నా అంది, "డాడీ, మన చర్చ్‌లో ఐతే ఆ పార్ట్ కట్ చేసేస్తారు కదా?"

"ఏ పార్ట్ అమ్మా?"

"ఆ బాల్ డ్రాప్ చేసింది. డైరెక్ట్‌గా ట్రోఫీ చూపిస్తారు. నీ టెస్టిమొనీ లాగ."

"హన్నా!" అంది శాంత.

"ఏంటి మమ్మీ? నాకు తెలుసు. గరాజ్‌లో నేను చూశాను, అది ప్రేయర్ తర్వాతే."

కారు పక్కకు తీసి ఆపాను. శాంత నా చేతి మీద చెయ్యి వేసి, "పిల్ల అన్నదాంట్లో తప్పేముంది?" అంది. సాతానుకు మహిమ ఇవ్వకూడదని నేను దాచిన ఆ పాట్లలో, లేపిన చెయ్యి కూడా దాగిపోయింది కదా! నన్ను అన్నిసార్లు లేపింది ఎవరు? ఆ మహిమ ఎవరిది? నేను ఎవరికి దక్కకుండా చేశాను? "తండ్రీ, నీకు రావలసింది నేను కత్తిరించాను, క్షమించు" అని ఆ స్టీరింగ్ మీదే తల పెట్టి ప్రార్థించాను.

మర్నాడు సుధీర్ తలుపు కొట్టాను. గడ్డం పెరిగి ఉంది. "రా అన్నా, విశ్వాసం తక్కువోని ఇంటికి దారి తెలిసిందా?" అన్నాడు. కూర్చోకుండానే చెప్పేశాను, హోటల్ గది, గరాజ్, డాక్టరు, అన్నీ.

గోడకు ఆనుకుని అంతా విన్నాడు. తర్వాత, "అంటే ప్రార్థన చేసినంక నువ్వు కూడా తాగినవ్?" అన్నాడు.

"తాగాను."

"ఒక్కసారేనా?"

"చాలాసార్లు."

"మరి నన్నెందుకు చంపినవ్ అన్నా?" అని అరిచాడు. "దేవుడు నీకు సరే అన్నడు, నాకు వద్దన్నడు అనుకున్న కదా! స్వప్నకు అదే చెప్పిన, నేను దేవుడు కూడా వదిలేసినోణ్ణి, నువ్వు కూడా పో అని!"

అతని ముందు మోకరించాను. అతను లేవమనలేదు, తిట్టి తిట్టి అలిసిపోయాడు, చివరికి ముక్కు తుడుచుకుని, "ఆ శనివారం మీటింగ్‌ల చాయ్ అన్న ఇస్తరా?" అన్నాడు. కాఫీ ఇస్తారు, చండాలంగా ఉంటుంది అన్నాను. నవ్వాడు. అక్కడి నుంచి మొదలైంది.

ఇది సుధీర్ అనుమతితోనే రాస్తున్నాను. అతను ఒక్క రోజులో మారలేదు, మధ్యలో మళ్ళీ పడ్డాడు, పడిన పూటే నాకు ఫోన్ చేశాడు, వెళ్ళి పక్కన కూర్చున్నాను. క్రితం ఆదివారం ప్రార్థన సమయంలో అతను తనంతట తానే లేచాడు. స్వప్న ఆ రోజు వచ్చింది, వెనక వరసలో తలుపు దగ్గర కూర్చుంది, కారు తాళం చేతిలోనే ఉంది. సుధీర్ కళ్ళు మూసుకుని ఇలా అన్నాడు: "ప్రభువా, మొన్న కూడా పడ్డ. నువ్వు లేపినవ్. ఇయ్యాల నిలబడి ఉన్న. రేపటి సంగతి నీకే తెలుసు, నన్ను విడువకు." హాలులో ఎవరికీ ఏమనాలో తోచలేదు, మనకు అలాంటి ప్రార్థన అలవాటు లేదు కదా. అప్పుడు వెనక వరస నుంచి స్వప్న గొంతు గట్టిగా వినిపించింది: "ఆమెన్!"

చదువుతున్న సహోదరుడా, సహోదరీ, నిన్న ప్రార్థించి ఇవాళ పడిపోయి, దేవుడు నన్ను కాదన్నాడని తలుపు వేసుకుని కూర్చున్నావా? నా పాత సాక్ష్యాన్ని నమ్మి నిన్ను నువ్వు కొలుచుకోకు, అది సగమే. నన్ను లేపి లేపి విసుగు చెందని దేవుణ్ణి నమ్ముకో. శనివారం పొద్దున మేమిద్దరం కారులో వెళతాం, వెనక సీటు ఖాళీగానే ఉంటుంది, నీ తలుపు దాకా వచ్చి ఎక్కించుకుంటాం. మా పాట్లన్నిటిలోనూ మహిమ ఆయనదే, దేవునికే మహిమ!