గ్లాసు కింద పది పైసలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో మధ్యాహ్న భోజనం మూడున్నరకి. బందరులో మా వీధి వీధంతా తినేసి, చాపలు పరుచుకుని గుర్రుపెట్టే వేళకు మా వంటింట్లో పళ్ళెం చప్పుడయ్యేది. మా నాన్న బస్టాండు దగ్గర ఒక హోటల్లో సర్వరు. తెల్లవారుజామున అయిదింటికి వెళ్తే టిఫిన్లు, ఆ పైన భోజనాలు ముగించుకుని మూడు దాటాక కేరియర్ పట్టుకుని వచ్చేవాడు. మళ్ళీ అయిదున్నరకల్లా అక్కడుండాలి. నా బడి పొద్దుటిపూట మాత్రమే. కాబట్టి ఆ రెండు గంటలే నా వాటాకు వచ్చిన నాన్న.

నాకు నాలుగో ఏడు నిండకముందే అమ్మ జబ్బుచేసి పోయింది. అవనిగడ్డ దగ్గర కౌలుకు చేస్తున్న పొలం వదిలేసి నాన్న నన్ను చంకనేసుకుని బందరు చేరాడు. నాగలి తప్ప ఏమీ పట్టని మనిషి నాలుగేళ్ళలో ఒక చేతిమీద ఆరు ప్లేట్లు మోసుకుంటూ నడవడం నేర్చుకున్నాడు. నాతో మాట్లాడడం మాత్రం నేర్చుకోలేదు. తిన్నావా, బడికి వెళ్ళావా, తలుపు గడియ పెట్టుకో. ఇంతకుమించి ఆయన నోట మాట వచ్చిన రోజు నాకు పండగే. కేరియర్ విప్పి నాకు వడ్డించేవాడు. నేను తిని లేచాక తాను తినేవాడు. ఆ తర్వాత గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆ వీపు వంక చూస్తూ కూర్చోవడమే ఎనిమిదేళ్ళ వయసులో నాకున్న పెద్ద పని.

నాన్నకు నేనంటే ఇష్టం లేదని నేను అనుకునేదాన్ని కాదు. ఆయనకు ఎవరన్నా ఇష్టం లేదని, మనిషి తీరే అంత అని సర్దుకున్నాను. మాటలు రానివాళ్ళుంటారు కదా, అలాగే నవ్వు రానివాళ్ళూ ఉంటారనుకున్నాను. ఆ నమ్మకం నాకు బాగానే పనికొచ్చింది, హోటలు చూసే రోజు వచ్చేదాకా.

హోటలుకి రావద్దని నాన్న గట్టిగా చెప్పాడు. కానీ ఒకరోజు తుఫాను హెచ్చరిక ఉందని బడి పదకొండింటికే వదిలేశారు. తుఫాను రాలేదు గానీ సముద్రంవైపు నుంచి గాలి ఈడ్చి కొడుతోంది, ఇంట్లో ఒక్కదాన్నీ ఉండాలంటే భయమేసింది. కాళ్ళు వాటంతటవే బస్టాండువైపు నడిచాయి.

మోపిదేవి గుడికి వెళ్ళొచ్చే జనం బందరులో బస్సు మారుతూ ఆ హోటల్లోనే భోంచేసేవారు. నేను గుమ్మం పక్కన నిలబడేసరికి లోపల బల్లలన్నీ నిండి ఉన్నాయి. వాటి మధ్య నాన్న తిరుగుతున్నాడు. తిరగడమేమిటి, నవ్వుతున్నాడు! పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతున్నాడు. ఒక బల్ల దగ్గర నా ఈడు పిల్ల కూర్చుంది. స్వామికి జుట్టిచ్చినట్టుంది, గుండుకు గంధం పూసి ఉంది. నాన్న నెయ్యి గిన్నెతో ఆ పిల్ల ముందు నడుం వంచి నిలబడ్డాడు.

“ఏవండీ గుండుగారూ, నెయ్యి వెయ్యమంటారా? ముందు చెప్పండి, అన్నంలోకా, గుండుమీదకా?”

ఆ పిల్ల పకపకా నవ్వింది. వాళ్ళ నాన్న నవ్వాడు, పక్క బల్లవాళ్ళూ నవ్వారు. వాళ్ళు లేచి వెళ్ళేటప్పుడు ఆ పెద్దమనిషి మంచినీళ్ళ గ్లాసు కొంచెం ఎత్తి దాని కింద ఏదో బిళ్ళ పెట్టాడు. నాన్న వచ్చి, గ్లాసు తీస్తూ తీస్తూనే బిళ్ళను జేబులో వేసుకుని, మళ్ళీ దయచేయండి బాబూ అంటూ ఇంకోసారి నవ్వాడు. అప్పుడు తలెత్తి నన్ను చూశాడు. చూడగానే ఆ నవ్వు ఆరిపోయింది.

“ఎందుకొచ్చావిక్కడికి? ఇంటికెళ్ళు,” అన్నాడు.

ఏడుస్తూ వచ్చానని చెప్పను. ఏడుపు రాలేదు. ఒళ్ళంతా మండింది. నవ్వురాని మనిషి అనుకుని నాలుగేళ్ళు సర్దుకుపోయానే, ఆ మనిషి దగ్గర ఇంత నవ్వుందా? అదంతా ఎవరో గుండుపిల్లకా? నాకేమో వీపు!

పక్కింటి అక్క సాయిబుల ఇంటి కోడలు. రోల్డుగోల్డు గాజులకు రాళ్ళు అతికిస్తూ రోజంతా గడపలో కూర్చునేది. నాన్న లేనప్పుడు నన్ను కనిపెట్టి చూసేది ఆవిడే. ఆవిడకు రాళ్ళు రంగులవారీగా ఏరిపెడుతూ, మా నాన్న హోటల్లో ఎందుకు నవ్వుతాడు అని అడిగాను. ఆవిడ తలెత్తకుండానే చెప్పింది.

“నవ్వకపోతే ఎట్లాగమ్మా! ఆ జీతం ఏ మూలకి? నవ్వితేనే గదా గ్లాసు కింద పైసలు పడేది.”

గ్లాసు కిందే ఎందుకన్నది నాకు తర్వాతెప్పుడో తెలిసింది. బల్లమీద పైసలు గల్లాపెట్టె దగ్గర కూర్చున్న యజమాని కంటపడితే, జీతం పెంచమని అడిగినప్పుడు నీకు బల్లలమీద బాగానే రాలుతోందిగా అని తప్పించుకునేవాడట. అందుకని రోజూ వచ్చేవాళ్ళు సర్వర్ల మీద జాలితో గ్లాసు కింద దాచి పెట్టేవారు, వాళ్ళను చూసి పైఊళ్ళవాళ్ళూ అలాగే పెట్టేవారు. అవేవీ ఆ రోజు నాకు తెలియవు. నాకు అర్థమైంది ఒక్కటే. నాన్న నవ్వుకు ధర ఉంది. ఆ ధర ఎక్కడ పెట్టాలో కూడా తెలిసిపోయింది. రాళ్ళు ఏరిపెట్టినందుకు అక్క ఆ రోజు నాకు పది పైసలిచ్చింది. అంచులు వంకీలు తిరిగిన ఆ బిళ్ళ పట్టుకుని నేను మూడున్నర కోసం కాచుకుని కూర్చున్నాను.

నాన్న వచ్చాడు. హోటలు మాట ఎత్తలేదు. ఎప్పటిలాగే కేరియర్ విప్పి వడ్డించాడు. అన్నం, వంకాయకూర, అడుగున మిగిలిన సాంబారు. తింటున్నంతసేపూ నా ఎడమచేతి గుప్పిట్లో బిళ్ళ చెమటకు తడిసిపోయింది. తిని, చెయ్యి కడుక్కుని, నాన్న అటు తిరిగినప్పుడు నా గ్లాసు ఎత్తి దాని కింద బిళ్ళ పెట్టాను. వెళ్ళి గుమ్మం దగ్గర నిలబడ్డాను, కస్టమర్లు నిలబడినట్టే.

నాన్న వచ్చి పళ్ళెం తీశాడు, గ్లాసు తీశాడు. ఆయన చెయ్యి ఆయన చెప్పకుండానే బిళ్ళను తీసి చొక్కా జేబులో వేసింది. మొహం నావైపు తిరిగింది. నవ్వాడు. అచ్చం హోటల్లో నవ్విన నవ్వే. పళ్ళన్నీ కనిపించాయి, నడుం కొంచెం వంగింది, “మళ్ళీ ద...” అని నోరు కూడా కదిలింది.

నేను కోరుకున్నది నాకు దొరికింది. దొరికిన క్షణంలోనే నాకు చచ్చేంత భయమేసింది. ఆ నవ్వు నన్ను చూసి నవ్వింది కాదు. కళ్ళు నావైపే ఉన్నాయి గానీ వాటికి నేను కనపడలేదు.

ఆయన కూడా అప్పుడే తెలివిలోకి వచ్చాడు. జేబులోంచి బిళ్ళ తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు.

“ఇదేంటమ్మా?”

“నవ్వావుగా నాన్నా! రేపు కూడా పెడతాను. అక్కకి రాళ్ళు ఏరితే రోజూ ఇస్తుంది,” అన్నాను. భయం ఒకపక్క ఉన్నా బేరం వదులుకోలేదు నేను.

నాన్న గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. కొడతాడేమో అనుకున్నాను. కొట్టలేదు. లేచి మొహం కడుక్కుని వచ్చి, నేను కూర్చున్నచోట బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఇవాళ తాను కస్టమరట, నేను సర్వరునట. కస్టమరు తిన్నంతసేపూ సర్వరు నవ్వుతూ ఉండాలి, అదొక్కటే షరతు. నాన్న నాతో ఆట ఆడడం అదే మొదటిసారి. నేను ఎగిరి గంతేశాను.

మొదటి రెండు ముద్దలూ సరదాగానే గడిచాయి. మూడో ముద్దకు నీళ్ళేవయ్యా అన్నాడు. తెచ్చాను. సాంబారు చల్లారిపోయిందన్నాడు. వేడి చేస్తానండీ అన్నాను. అక్కర్లేదు, ఉప్పు తీసుకురా అన్నాడు. తెస్తే ఇంత ఆలస్యమా అన్నాడు. గిన్నె దించబోతే కూర వెయ్యమన్నాడు, వేస్తే ఎవరు వెయ్యమన్నారన్నాడు. బిందె దగ్గరకూ పళ్ళెం దగ్గరకూ తిరిగి తిరిగి నా కాళ్ళు పీకాయి. అంతకంటే ముందు బుగ్గలు పీకాయి. నీళ్ళు కొంచెం ఒలికితే నిజంగానే కసిరాడు, కళ్ళు లేవా అని. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“నవ్వయ్యా. మొహం అలా పెడితే నాకు ముద్ద దిగొద్దా?” అన్నాడు.

నవ్వాను. కన్నీళ్ళు జారుతుంటే నవ్వాను. అది చాలనుకున్నాడేమో, పళ్ళెం పక్కకు జరిపి, ఎంగిలి చెయ్యి అలాగే ఉంచుకుని ఎడమచేత్తో నన్ను ఒళ్ళోకి లాక్కున్నాడు.

“బుగ్గలు నెప్పెడుతున్నాయా?”

“ఊఁ.”

“నాకు పొద్దున అయిదింటికి మొదలవుద్దమ్మా ఆ నెప్పి. జీతం ఇంటద్దెకే సరిపోద్ది. నీ పుస్తకాలూ గౌన్లూ అన్నీ గ్లాసు కింద పడ్డయ్యే. అందుకని ఎవడు కసిరినా నవ్వుతాను. ఇక్కడికొచ్చాక నవ్వక్కర్లేదు గదా అని పేణం హాయిగా ఉంటది. ఈ ఊళ్ళో నేను నవ్వకపోయినా ఊరుకునేది నువ్వొక్కదానివే. అది కోపం కాదే పిచ్చితల్లీ.”

ఆయన నాతో అన్ని మాటలు ఒక్కసారిగా మాట్లాడడం అదే మొదలు, దాదాపు అదే చివర. బిళ్ళ నా చేతిలో పెట్టి గుప్పిట మూశాడు. ఈ ఇంట్లో అది చెల్లదన్నాడు. దాన్ని జ్ఞాపకంగా దాచుకోవాలని నాకు తోచలేదు లెండి, మర్నాడు జీళ్ళు కొనుక్కుని తినేశాను.

ఆ మధ్యాహ్నం నాన్న ఎప్పటిలాగే గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను ఆ వీపు వంక చూస్తూ కూర్చోకుండా, వెళ్ళి దానికి నా వీపు ఆనించి పడుకున్నాను. ఊపిరి తీసినప్పుడల్లా ఆయన ఒళ్ళు కదిలి నా ఒళ్ళు కదిలేది. అలా నాకు ఉద్యోగం వచ్చేదాకా మా ఇంట్లో నవ్వు లేకుండానే రోజులు నడిచాయి. అర్థమైంది గనక ఒంటరితనం పోయిందని మాత్రం అనను. అర్థం కావడం వేరు, పక్కన కూర్చుని కబుర్లు చెప్పే మనిషి ఉండడం వేరు. చాలా మధ్యాహ్నాలు నాకు ఆ గుండుపిల్ల మీద అసూయగానే ఉండేది. ఇప్పటికీ కొంచెం ఉంది.

నాన్న పోయినప్పుడు పాత కస్టమర్లు చాలామంది వచ్చారు. ఎంత నవ్వుమొహం అండీ మీ నాన్నగారిది అని ఒకరి తర్వాత ఒకరు నాతో అంటుంటే, అవునండీ అంటూ తలూపాను. వాళ్ళు చెప్పే మనిషి నాకు పరిచయం లేదని వాళ్ళకు ఎలా చెప్పను?

నేను గుడివాడలో గుమాస్తా ఉద్యోగం చేసి అక్కడే రిటైరయ్యాను. పెళ్ళి చేసుకోలేదు. ఒక్కదాన్నే కాబట్టి ఆదివారాలు పొయ్యి వెలిగించను. ముదినేపల్లి రోడ్డులో చేపల చెరువులవాళ్ళ కార్లు ఆగే ఏసీ రెస్టారెంటు ఒకటుంది, మధ్యాహ్నం మూడు దాటి జనం పలచబడ్డాక వెళ్తాను. ఆ వేళకు తినడం నాకు అలవాటే కదా. అక్కడ వడ్డించేవాళ్ళలో ముప్ఫై దాటిన ఒకావిడ ఉంది, నాగాయలంక అవతలి ఊరట. మెడలో పేరు రాసిన బిళ్ళ, దానిమీద నవ్వే బొమ్మ. మనం తినడం అయ్యాక ఫోను ముందుకు చాపి, వడ్డన ఎలా ఉందో నక్షత్రాలు నొక్కమంటారు. నక్షత్రాలు తగ్గితే సాయంత్రం వాళ్ళకు చీవాట్లు. బిల్లులో సర్వీస్ చార్జి అని ఒక పద్దు ఉంటుంది. అది మీకే ఇస్తారా అని అడిగితే, ఆవిడ కౌంటరువైపు ఒకసారి చూసి, నవ్వు చెరగకుండానే తల అడ్డంగా ఊపింది.

అప్పటినుంచి నేను వెళ్ళి కూర్చోగానే, నీళ్ళు పెట్టడానికి వచ్చిన ఆవిడ చేతిలో ముందుగానే నోటు పెట్టేస్తాను. మొదటిసారి కంగారుపడింది.

“ఇంకా ఏమీ తిననేలేదు గదండీ, ముందే ఇస్తున్నారేంటండీ?”

“తర్వాత ఇస్తానంటే అప్పటిదాకా నువ్వు నవ్వాలి గదమ్మా. నా బల్ల దగ్గర నవ్వక్కర్లేదు. నక్షత్రాలన్నీ నొక్కేస్తాలే.”

ఆవిడ నన్నొక పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. కూర తెచ్చినప్పుడు ఇంకా నవ్వుతూనే ఉంది. పెరుగు తెచ్చేసరికి బుగ్గలు కిందికి దిగాయి. గిన్నె పెట్టి, కౌంటరుకు కనపడకుండా నా కుర్చీ వెనక స్తంభానికి చేరగిలబడింది. ఎదుటి గోడకున్న అద్దంలో ఆవిడ మొహం నాకు కనిపిస్తూనే ఉంది. అలసిపోయి, ఎవరి కోసమూ సర్దుకోకుండా, ఎటో చూస్తున్న మొహం. దాన్ని నేను ఎనిమిదో ఏటినుంచీ ఎరుగుదును. వారమంతా ఇంట్లో ఒక్కదాన్నే కూర్చుని తింటే ముద్ద దిగని నేను, అది అద్దంలో కనిపిస్తున్నంతసేపూ పెరుగన్నం కడుపునిండా తింటాను.