అత్తగారి మడమల రాయి

ల్యాబులో ఆవిడని అందరూ పలచనక్క అంటారు. మనిషి బొద్దు. పేరు పని వల్ల వచ్చింది. పెళ్లయిన కొత్తలో గదులు ఊడవడానికి చేరింది. రాళ్లు అరగదీసే ముసలాయన రిటైరవుతూ తన పని ఆవిడకి అప్పగించాడు. మైక్రోస్కోపులో చూడ్డానికి రాతిముక్కని గాజుపలకకి అంటించి, నీళ్లూ గరుకుపొడీ వేసి అరగదీస్తుంది. రాయిలోంచి వెలుతురు దూరేదాకా. ఎక్కడ ఆపాలో బొటనవేలు చెబుతుంది.

ఒక్కసారి చెప్పలేదు.

ఆ రోజు పరిశోధన చేసే అమ్మాయి పక్కన కూర్చుని తన గైడుగారి తుమ్ముని అనుకరిస్తోంది. ఆయన తుమ్మేముందు కళ్లజోడు జేబులో పెట్టుకుంటాడు. తుమ్మాక గదంతా వెతుకుతాడు. పలచనక్క కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది. చెయ్యి మాత్రం ఆగలేదు. నవ్వు తగ్గాక పలక ఎత్తి చూసింది. గాజు ఉంది. రాయి లేదు.

"అక్కా, నా సముద్రం!" అంది అమ్మాయి.

అదొక చిన్న రాతి ఉండలో కోసిన సగం. ఎండిన కొండ మీద దొరికింది. ఆ కొండని తర్వాత క్వారీ తినేసింది. ఉండ ఒంట్లో సున్నం పేర్చుకుని రాయయ్యే సముద్రపు నాచుదైతే, కొండ ఉన్నచోట ఒకప్పుడు ఎండ దిగే సముద్రం ఉన్నట్టు. కాకపోతే అమ్మాయి రాసిందంతా ఊహ. మర్నాడు గైడుకి చూపించాలి.

"రెండో సగం ఏదక్కా?"

పలచనక్క తల దించుకుంది. పారేసే ముక్కల బుట్టలోంచి దాన్ని ఇంటికి తీసుకెళ్లింది తనే. అత్తగారు దాంతో మడమలు రుద్దుకుంటున్నారు.

ఇద్దరూ ఇంటికి పరిగెత్తారు. అత్తగారు బకెట్టు పక్కన పీట మీద ఉన్నారు. చేతిలో రాయి, మడమ మీద నురగ.

"ఆపండత్తయ్యా!"

"ఏమే, కొంప అంటుకుందా?"

"మీరు రుద్దేది సముద్రం!"

"అందుకేనా ఇంత నున్నగా వస్తోంది."

"మామ్మగారూ, మీకు కొత్తది కొనిపెడతాను," అని అమ్మాయి చెయ్యి చాచింది.

"కొన్నవి నాకు పడవమ్మా." పిడికిలి బిగించారు. "నేనూ వస్తా. నా రాయిని ఏం చేస్తారో చూడాలి."

ఒక మడమ నున్నగా, ఒకటి గరుగ్గా, అలాగే బయల్దేరారు.

ఈసారి పలచనక్క ఎవరినీ మాట్లాడనివ్వలేదు. అత్తగారిని కూడా. ఇంట్లో ఎన్నడూ జరగని సంగతి అది. రాయి పలచబడింది. పొగమంచు అయింది. బొటనవేలు చెప్పింది. ఆపింది.

అమ్మాయి మైక్రోస్కోపులో కన్ను పెట్టింది. తర్వాత స్టూలు మీదే గిర్రున తిరిగింది.

"నాచే! సన్నటి గళ్లు, వల అల్లినట్టు! పొరలు చుట్టూరా ఉన్నాయక్కా. అల దొర్లించినప్పుడల్లా పైకొచ్చిన పక్క ఎండ తాగి పెరిగింది. ఈ ఒక్క అంచే అరిగిపోయింది."

"అది నా ఎడమ మడమ," అన్నారు అత్తగారు. తనూ ఓ కన్ను పెట్టి చూశారు. "బాగానే ఉంది. మిగతాది ఇటివ్వండి, కుడిది బాకీ ఉండిపోయింది."

అమ్మాయి ముక్కని గుండెకి హత్తుకుంది. పలచనక్క రంపం తిప్పింది. అరిగిన అంచు అత్తగారికి, మిగిలింది సొరుగుకి.

మర్నాడు గైడు వచ్చి కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. పలచనక్క పలక మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. ఆయన తుమ్మలేదు. చెయ్యి తీసింది. ఆయన మైక్రోస్కోపు మీదికి వంగి చాలాసేపు చూశాడు.

"సముద్రమే," అన్నాడు. తర్వాత కళ్లజోడు కోసం గదంతా వెతికాడు.